తక్కావి మొదలు రైతుబంధు వఱకు: సర్కారు సాయమును, సేద్యగాడును

మహాసభ ఆహ్వానసంఘమువారు ఈ వార్షిక సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని నన్ను కోరిరి. గోత్రములను గూర్చియు, ఇంటిపేరులను గూర్చియు, పూర్వుల వలసలను గూర్చియు నాకంటె బాగుగ నెఱిగిన పెద్దలు ఈ సంచికయందే వ్రాయుచున్నారు గనుక, నేను మఱియొక చరిత్రను చేపట్టితిని. మనవారిలో పెక్కుమంది నేటికిని భూమిని నమ్మి బ్రతుకువారే. పట్టణములకు పోయి వకీళ్లును, వైద్యులును, వర్తకులును అయినవారికి, సముద్రములు దాటి అమెరికాలో స్థిరపడినవారికి సైతము, స్వగ్రామమున నాలుగెకరముల పట్టా యుండుటయు, దానిని మఱియొకడు కౌలునకు దున్నుచుండుటయు కలదు. ఆ పట్టా పేర సర్కారువారిచ్చు సాయము ఎవరి చేతికి పోవుచున్నది? ఆకొన్నవారికి సర్కారువారు చౌకగ నిచ్చు గింజ, దానిని పండించినవాని గాదెను ఏమి చేయుచున్నది? ఇవి నిన్న మొన్న పుట్టిన ప్రశ్నలు కావు. వీనికి రెండువందల యేండ్ల చరిత్ర గలదు.

నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమలో పుట్టిన కఱవును మన పూర్వులు డొక్కల కఱవనిరి. మనుష్యుని యొడలు ఎండి డొక్కలు మాత్రమే కనబడుటచే ఆ పేరు వచ్చినది. ఇంచుమించు అయిదు లక్షల జనములో లక్షన్నరకు మించి నశించిరి. ధాన్యవ్యాపారములో దొరతనము చేయి పెట్టరాదను సిద్ధాంతము కుంపిణీవారికి ఆనాడు వేదవాక్యము. శిస్తు రాకుండుట వారికి తోచిన మొదటి కష్టము. జనము చచ్చుట పిమ్మటి కష్టము. పండించువాడు లేనిచో శిస్తు కట్టువాడును లేడను లెక్క వారికి పట్టుపడుటకు పదేండ్లు పట్టెను. రాజమహేంద్రవరము జిల్లా దైన్యమును సర్ హెన్రీ మాంట్‌గొమరీ విచారించి 1844లో నివేదించెను. ఆర్థర్ కాటన్ పట్టుదలచే 1847లో పని మొదలై 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్ట లేచెను. కాటన్ దొర పేరును గోదావరి సీమలో కొందఱు నేటికిని స్నానసంకల్పమున తలంచుట కలదు. ఆ కృతజ్ఞత యుక్తమే. కాని ఆనకట్ట దానము కాదు. నీటితీరువ రూపమున వ్యయమంతయు సర్కారునకు తిరిగివచ్చెను, లాభమును మిగిలెను. సాయమనబడునది ఎవరికి ఎంత సాయమో చివర లెక్క చూచుకొనవలెనని చెప్పుటకే ఈ మాట.

ఆ కాలమున ఆకొన్నవానికి అన్నము పెట్టినది సర్కారుకంటె ముందు దాతలే. 1866 కఱవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెఱచి వేలకొలది జనమునకు గంజి పోయించిరి. విక్టోరియా రాణి వారికి బంగారు పతకమును పంపెను. ఆ పేరు కర్నూలు సీమ పాటలలో నేటికిని వినవచ్చును.

పదేండ్లకు ధాత, ఈశ్వర సంవత్సరముల కఱవు వచ్చెను. 1876 నుండి 1878 వఱకు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మాడిపోయినవి. మద్రాసు గవర్నరు బకింగ్‌హాము ప్రభువు మొదట కొంత ఉదారముగనే పనులు పెట్టించెను. అంత ఖర్చు తగదని లిట్టన్ ప్రభువు సర్కారు 1877లో సర్ రిచర్డు టెంపులును పంపెను. ఆయన వచ్చి, కష్టము చేయు మగవానికి దినమునకొక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని తేల్చెను. పౌనంటె మన కొలతకు అరకిలోకంటెను తక్కువ. రాళ్లు కొట్టు మనుష్యుడు దానితో బ్రతుకజాలడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఎదురు నిలిచి వ్రాసెను. చరిత్రలో ఆ టెంపులు కూలి అపకీర్తియై నిలిచిపోయినది.

ఇందు రైతు చరిత్ర వేఱుగ నున్నది. కఱవు పనులు కూలివానిని ఉద్దేశించినవి. అన్నము కావలెనన్నచో ఊరు విడిచి శిబిరమునకు పోవలెను. ఎద్దులున్న రైతు వానిని విడిచి పోలేడు. పోకున్నచో తినుటకు లేదు. మొదట గింజ అయిపోయినది, పిమ్మట గడ్డి అయిపోయినది, తరువాత ఎద్దులు పోయినవి. వానలు తిరిగి పడినప్పుడు బ్రతికిన రైతు కాడికి ఎద్దు లేక, విత్తుటకు గింజ లేక షావుకారు గుమ్మమున నిలిచెను. కఱవు పోయిన తరువాతనే రైతు అప్పు మొదలైనది. ఈ సంగతిని గుర్తించినవారు స్ట్రేచీ అధ్యక్షతను కూర్చుండి 1880లో నివేదించిన కఱవు కమిషనువారు. దాని ఫలితముగ కఱవు నిబంధనలును, 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టమును పుట్టినవి. మొదటిది బావులకును గట్లకును. రెండవది విత్తనములకును ఎద్దులకును. ఈ రెంటినిగూడ మన యూళ్లలో తక్కావి యనిరి.

తక్కావి యెట్లు వచ్చెడిదో మా యింటి బావియే చెప్పును. మా పితామహుల కాలమున త్రవ్విన ఆ నూతిని ఊరివారు నేటికిని తక్కావి బావి యనియే పిలుతురు. తాసీల్దారునకు అర్జీ పెట్టవలెను. కరణము అడంగలు చూచి ఫలానా సర్వే నంబరు ఫలానా వాని పట్టా యని వ్రాయవలెను. భూమియే పూచీ. వాయిదా తప్పినచో శిస్తు బకాయివలెనే జప్తు చేసి వసూలు చేయుదురు. వడ్డీ మాత్రము షావుకారు వడ్డీలో ఎన్నవవంతో! మా తాతగారికి పట్టా యున్నది, బావి వచ్చినది. గట్టునకు ఆవలి ప్రక్క చేనును పాలునకు దున్నుచుండినవాడు మా తాతగారి ఈడువాడు, ఆయనకంటె గట్టి సేద్యగాడని మా నాయనమ్మ చెప్పెడిది. అతనికి పట్టా లేదు, పూచీ లేదు, బావి లేదు. ఆ చేను నేటికిని మెట్టయే. దున్నువానిని గాక పట్టాను చూచి సాయము చేయు పద్ధతికి పునాది అక్కడ పడినది. ఋణమైనప్పుడు ఆ నియమమునకు అర్థమున్నది, ఇచ్చిన సొమ్ము తిరిగి రావలెను గదా. తరువాత తిరిగి ఈయనక్కఱలేని సాయములు వచ్చినప్పుడును ఆ నియమమే నిలిచిపోవుట గమనింపదగినది.

1904 సహకార సంఘముల చట్టమును, 1930 తరువాతి ధరల పతనమును, 1938లో మద్రాసు రాష్ట్రమున వచ్చిన ఋణవిమోచన చట్టమును ఇచ్చట విస్తరింపను. వానిని గూర్చి గ్రంథములున్నవి.

రెండవ ప్రపంచయుద్ధముతో కథ తలక్రిందులైనది. 1943లో వంగదేశమున లక్షలాది జనము ఆకలిచే నశించిన పిమ్మట పట్టణములకు తిండి సమకూర్చుట సర్కారు ప్రథమధర్మమయ్యెను. అంతవఱకు రైతునకు గింజ ఈయవలెనా వద్దా యను చర్చ యుండగా, ఇప్పుడు రైతు నుండి గింజ తీసికొనుట యెట్లను చర్చ మొదలయ్యెను. కంట్రోలు ధర, నిర్బంధ సేకరణ, రేషను కార్డు మన నిఘంటువులోనికి ఆ నాలుగైదేండ్లలోనే వచ్చిన మాటలు. గాదెలో ఎంత దాచుకొనవచ్చునో అధికారి కొలిచి చెప్పెడివాడు. 1952లో రాజగోపాలాచారిగారు మద్రాసు రాష్ట్రమున కంట్రోలును తీసివేసినప్పుడు రైతులు సంతసించిరి.

ఆ తరువాత వచ్చినది అమెరికా గోధుమ. అక్కడి సర్కారు తన రైతులకు ధర తగ్గకుండ పూచీపడి, మిగిలిన గింజను తానే కొని నిలువచేయుచుండెను. నిలువలు కొండలైనవి. వానిని కదలించుటకు 1954లో పి.ఎల్. 480 అను చట్టము చేసిరి. 1956లో మన దేశము దానిక్రింద ఒడంబడిక చేసికొని, డాలర్లకు బదులు రూపాయలతో గోధుమను కొనసాగెను. వరుసగ రెండేండ్లు వానలు తప్పిన 1966లో ఇంచుమించు కోటి టన్నుల ధాన్యము ఓడలలో దిగెను. ఆ గోధుమ లేకున్నచో బీహారులో ఎందఱు పోయెడివారో చెప్పలేము. దానిని కాదనుట కృతఘ్నత. కాని అమెరికా అర్థశాస్త్రజ్ఞుడే యైన థియొడోర్ షుల్ట్జ్ 1960లోనే ఒక హెచ్చరిక చేసెను: ఉచితమువంటి గింజ వచ్చి పడినచో అది తినువానికి మేలే గాని, ఆ దేశపు రైతునకు ధర పడిపోయి, పండించు ఉత్సాహము చచ్చునని. అక్కడి రైతును నిలుపుటకై పుట్టిన సాయము ఇక్కడి రైతును క్రుంగదీయవచ్చునను మాట ఢిల్లీలోను వినబడినది. పైగా జాన్సన్ అధ్యక్షుడు ఓడలను నెలనెలకు ఆపి ఆపి విడుచుచు మన విదేశాంగనీతిని తన దారికి తెచ్చుకొనజూచెను. పరుల గింజ తినువాని మాటకు బలముండదని ఆనాడు తెలిసివచ్చినది.

అందుచే 1965లో రెండు సంస్థలు పుట్టినవి. సుబ్రహ్మణ్యంగారు వ్యవసాయమంత్రిగా నుండగా వ్యవసాయ ధరల కమిషనును, భారత ఆహార సంస్థయు ఏర్పడెను. ఒకటి రైతునకు కనీస మద్దతు ధర చెప్పును. రెండవది ఆ ధరకు కొని పేదలకు చౌకగ అందించును. రైతునకొక చేయి, తినువానికొక చేయి. 1967లో పశ్చిమగోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్. 8 వరిని పండించి చూపిరి. దాళ్వాలో గింజ రాసులు పోసినది. 1977 నుండి ఎరువుల ధరను అదుపులో నుంచుటకు సర్కారు ఫ్యాక్టరీలకు తేడా కట్టియిచ్చు పద్ధతి వచ్చెను. ఎరువుపై సాయము నాకు నచ్చుటకు ఒక కారణము గలదు: అది బస్తాతోపాటు పోవును, దున్నువాని చేనికే చేరును, పట్టా అడుగదు. దానివలన యూరియా అతిగా చల్లి నేలను పాడుచేసికొనుచున్నామనుట వేఱు సంగతి. అది మన తప్పు.

1983లో నందమూరి తారక రామారావుగారు అధికారమునకు వచ్చి కిలో బియ్యము రెండు రూపాయలకు, కుటుంబమునకు నెలకు 25 కిలోల వఱకు ఇప్పించిరి. ధర మధ్యలో మూడున్నర రూపాయలయ్యెను, తిరిగి రెండయ్యెను, మరల మూడున్నర, 2008లో మరల రెండు, 2011లో ఒక రూపాయి. 2013లో దేశమంతటికిని ఆహారభద్రతా చట్టము వచ్చెను. 2023 నుండి దానిక్రింది గింజ ఉచితమే. మన సభలలో ఈ పథకమును నిందించుట యొక వాడుక. కూలీలు సోమరులైరనియు, నాట్లకు మనుష్యులు దొరకుట లేదనియు వేదికలపై ఎన్నియో పర్యాయములు వింటిని. 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనులపైనను ఇదే నింద. నేను దీనితో ఏకీభవింపను. ఇంట గింజయున్న కూలివాడు ఈయజూపిన కూలికి తలవంచనక్కఱలేకుండుట దోషమెట్లగును? టెంపులు దొర అణా కూలితో పోల్చి చూచినచో ఈ మార్పు విలువ తెలియును. పైగా మనలోనే రెండెకరముల రైతులు ఎందఱో తెల్లకార్డు కలవారై, పండిన ధాన్యమును కల్లములోనే అమ్మి, సంవత్సరమంతయు చౌకదుకాణపు బియ్యము తినుచున్నారు. వరి పండించువాడు రేషను బియ్యము తినుట వినువారికి వింత. ఆ యింటివారికి అది లెక్క.

నిజమైన నష్టము వేఱొకచోట జరిగినది. చౌక బియ్యమునకు కావలసిన గింజ మిల్లులనుండి లెవీగ వచ్చెడిది. మన రాష్ట్రమున ఒక కాలమున మిల్లరు ఆడించినదానిలో నూటికి 75 వంతుల వఱకు సర్కారు చెప్పిన ధరకు ఈయవలసియుండెను. మిల్లరు తన నష్టమును తాను భరించునా? తేమ యనియు, తరుగనియు, రంగు మాఱినదనియు కల్లములో రైతు బస్తాపై కోత వేసెడివాడు. అప్పుతో పండించినవాడు కుప్ప నూర్చిన నాడే అమ్మవలెను. బేరమాడు బలము వానికి లేదు. మద్దతు ధర పత్రికలో నొకటి, కల్లములో నొకటి. లెవీ పద్ధతి 2015లో పోయినది.

అంతకంటె మౌనముగ జరిగినది మెట్టసీమల నష్టము. రాయలసీమలోను తెలంగాణములోను జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ తిని బలిసిన యిండ్లకు రెండు రూపాయల వరిబియ్యము వచ్చి చేరెను. తెల్లబువ్వ తినుట గౌరవమనిపించెను. జొన్నకు గిరాకి పోయెను. దానిని మద్దతు ధరకు కొనువారును అంతగా లేరైరి. మెట్టరైతు జొన్న మానివేసి వేరుసెనగకో ప్రత్తికో పోయెను. అవి అంగడి పంటలు; వాన తప్పినచో జొన్నవలె ఇంట తినుటకైనను మిగులవు, పశువులకు చొప్పయు మిగులదు. డెల్టాలో పండిన గింజతో మెట్టసీమను పోషించి, మెట్టసీమ సేద్యమును విఱిచినాము. ఎవరును చెడ్డతలంపుతో చేసినది కాదు. జొన్నను గూడ అదే దుకాణమున అదే ధరకు ఈయవలెనను యోచన ఆనాడు బలముగ చేయబడలేదు, అంతియే.

డెల్టాకు దెబ్బ 2011లో తగిలెను. 2007–08లో ప్రపంచమున బియ్యము ధరలు మండినప్పుడు దేశములో తినువారిని కాపాడుటకై మామూలు బియ్యము ఎగుమతిని నిషేధించిరి. ధరలు దిగిన పిమ్మటను ఆ నిషేధము 2011 సెప్టెంబరు వఱకు సాగినది. గిడ్డంగులు నిండిపోయినవి, గోనెసంచులు దొరకలేదు, కొనువాడు రాలేదు. 2010–11లో మామూలు రకము ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలునకు 1000 రూపాయలు, అనగా మన 75 కిలోల బస్తాకు 750. కల్లములో ఆ ధర పలుకలేదు. కూలి, ఎరువు, కోతయంత్రము లెక్క వేసికొని కోనసీమ రైతులు ఆ సార్వాకు నారుమడి పోయుటయే మానిరి. పంట విరామమని దానికి పేరు. కాటన్ దొర నీరు పారుచుండగా వేలకొలది యెకరములు బీడు పడుట నూటయాబదియేండ్లలో వినని సంగతి. సర్కారువారు మోహన్ కందా కమిటీని వేసి కారణములు విచారింపజేసిరి. తినువానిని కాపాడిన చేయి పండించువానిని ఎట్లు క్రుంగదీయగలదో ఆ బీడుభూములు చూపినవి. 2023 జూలైలో ఆ నిషేధమునే మరల పెట్టి 2024 సెప్టెంబరులో తీసిరి.

ఇక నగదు సాయముల కాలము. 2004లో రాజశేఖర రెడ్డిగారు పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు నిచ్చిరి. 2018 మే నెలలో తెలంగాణమున రైతుబంధు పేర ఎకరమునకు పంటకు 4000 రూపాయలు ఈయసాగిరి. పిమ్మట అది 5000 అయ్యెను, 2025లో రైతుభరోసా పేర 6000. 2019లో కేంద్రమువారు పి.ఎం. కిసాన్ పేర కుటుంబమునకు ఏటా 6000 ఈయ మొదలిడిరి. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశమున రైతుభరోసా దానితో కలిపి 13500 అయ్యెను. షావుకారు వాకిట నిలువనక్కఱ లేకుండ విత్తనమునకు సొమ్ము చేతికి వచ్చుట చిన్న మేలు కాదు. కాని రైతుబంధు పాసుపుస్తకమును చూచెడిది; ఎకరములకు పరిమితి లేకుండెను; కౌలుదారునకు పైకము లేకుండెను. పి.ఎం. కిసాన్‌కును పట్టాయే ఆధారము. ఆంధ్రప్రదేశములో భూమిలేని కౌలుదారునకును ఇచ్చిరి గాని షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులైనచో మాత్రమే. ఇతరులలోని భూమిలేని కౌలుదారునకు ఆ సొమ్ము రాలేదు.

1884 నాటి అడంగలు ఇచ్చట మరల పలుకుచున్నది. కృష్ణా, గోదావరి డెల్టాలలో దున్నువారిలో పెక్కుమంది కౌలుదారులు. ఎరువు కొనువాడు వాడు, కల్లములో కోతపడువాడు వాడు. తుపాను వచ్చినచో పంట పోవునది వానిది. పట్టాదారునకు సర్కారు సొమ్ము వచ్చినంతమాత్రమున కౌలు ఒక బస్తా తగ్గించిన ఊరిని నేను చూడలేదు. నీరును విద్యుత్తును చక్కగనున్న చోట్ల పెంచిన ఊళ్లను చూచితిని. 2011లో కౌలుదారునకు ఋణార్హత కార్డు నిచ్చు చట్టమును, దాని స్థానమున 2019లో పంటసాగుదారు హక్కుల చట్టమును ఆంధ్రప్రదేశమున చేసిరి. ఈ రెండవదాని ప్రకారము 11 నెలలకు కార్డు వచ్చును. భూమిపై యజమాని హక్కునకు భంగము లేదని అందు స్పష్టముగ నున్నది. కాని కార్డునకు పట్టాదారు సమ్మతి సంతకము కావలెను. 1956 కౌలుదారీ చట్టమును, 1974లో దానికి వచ్చిన ఆఱేండ్ల కనీస గడువును తలచుకొని మన పెద్దలు సంతకమనగానే భయపడుదురు. ఒకసారి వ్రాసియిచ్చినచో భూమి పోవునని తండ్రి చెప్పిన మాట కొడుకునకు చట్టముకంటె గట్టిది.

ఆ భయము నాకును కలిగినది, దాచనేల? నా నాలుగెకరములను వరుసకు తమ్ముడు, మన కులమువాడే, పదునొకండు సంవత్సరములుగ చేయుచున్నాడు. 2023లో అతడు కార్డు కాగితము తెచ్చి, “అన్నయ్యా, మీరొక్క సంతకము చేసినచో బ్యాంకులో అప్పు పుట్టును,” అనెను. వచ్చే యేడు చూతమంటిని. ఈ-క్రాప్ నమోదులో నా పేరే పడినది. ఆ డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్లయొద్ద తీరము దాటినప్పుడు కోసిన పనలు నీటిలో తేలి మొలకలెత్తినవి. కొన్ని నెలలకు పంటనష్టపు పరిహారము నా ఖాతాలో పడెను. నేను ఆ యేడు గట్టుమీద కాలు పెట్టినవాడను గాను. సొమ్ము తీసికొని పోయి అతని చేతిలో పెట్టితిని. అతడు లెక్కించి సగము వేఱుచేసి నా చేతికే తిరిగి యిచ్చెను. ఇదేమని అడుగగా, “మీకు కౌలు బాకీ యున్నది గదా అన్నయ్యా,” అనెను. మరుసటి యేడు అతడు అడుగకమునుపే కాగితము తెప్పించి సంతకము చేసితిని.